ఉడుముకి తాడు కట్టి కోట ఎక్కిన కథలు: లెక్క తేల్చుదాం

కొండపల్లి బొమ్మ
కొండపల్లి ఖిల్లా దగ్గరైనా, కొండవీడు ఘాట్ రోడ్డు మీదైనా ఇద్దరు కూర్చున్నారంటే మూడో మాట ఇదే: "పూర్వం దొంగలు ఉడుము నడుముకి తాడు కట్టి గోడ మీదికి వదిలేవాళ్లు. అది పట్టిందంటే ఏనుగు లాగినా రాదు." ఆ వెంటనే ఒంగోలు గిత్త కథ, కోతి కథ, రైలు నట్టు కథ వరసగా దిగుతాయి. కోతలు కోయండి, ఎవరూ కాదనరు. కాకపోతే కోతతో పాటు తాడు ఏ రకం, ఎంత లావు, పైన దేనికి కట్టారు, రెండో కొస ఎవరి చేతిలో ఉంది అన్నవీ రాయాలి. "మా బాబాయి కళ్లారా చూశాడు" అనేది ఈ చర్చలో ఆధారం కింద చెల్లదు. సొంత ప్రతాపాలు కూడా వద్దు. ముందు ఉడుము.

కొండవీటి చాంతాడు
ఈ కథలన్నిటికీ పెద్దన్న శివాజీ సేనాని తానాజీది. 1670 ఫిబ్రవరి 4 రాత్రి పుణె దగ్గర కొండాణా కోట మీదికి యశ్వంతి అనే ఉడుముకి తాడు కట్టి పంపాడని మరాఠీ వీరగాథల్లో పాడతారు. కోట దక్కడం, తానాజీ పోరులో చనిపోవడం చరిత్ర. ఉడుము మాత్రం పాటలోదే, చరిత్రకారులు దాన్ని నమ్మరు. మనకీ దూరపు చుట్టరికం ఉంది. అనంతపురం వైపు గుత్తి కోట ఏలిన మురారిరావు ఘోర్పడే వంశం వాడు. ఆ ఇంటిపేరు వెనకా ఇలాంటి ఉడుము కథే చెబుతారు.

ఇక లెక్క. మన పొలాల్లో తిరిగేది బెంగాల్ ఉడుము. తోకతో కలిపి 175 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బాగా బలిసినది 7 కిలోలు తూగుతుంది. 12 మిల్లీమీటర్ల మనీలా నార తాడు 30 మీటర్లు పొడిగా ఉన్నప్పుడే సుమారు 3 కిలోలు. జంతువు ఎక్కేకొద్దీ వేలాడే తాడు పెరుగుతుంది కాబట్టి కింద ఏ బరువూ లేనట్టే ఉంటుంది, పైకి చేరేసరికి మొత్తం 3 కిలోలూ నడుం మీద పడతాయి. రాయి అంచులకి తాడు రాసుకునేది అదనం. సరే, ఇంతవరకు లాగిందనే అనుకుందాం.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. 12 మిల్లీమీటర్ల తాడుని ఉత్త చేతులతో పట్టుకుని 30 మీటర్లు ఎవడూ ఎక్కలేడు, అరచేతిలో నిలవదు. వ్యాయామశాలల్లో ఎక్కడానికి వేలాడదీసే తాడు 38 మిల్లీమీటర్లు ఉండేది అందుకే. ఆ లావు మనీలా తాడు మీటరుకి సుమారు కిలో, అంటే 30 మీటర్లకి 30 కిలోలు. లావు తాడు ఉడుము లాగలేదు, సన్న తాడు మనిషి పట్టుకోలేడు. కథ ఇక్కడే ఆగిపోవాలి.

అటక మీది సామాను
సన్న తాడుకే మూరకో ముడి వేస్తే?

కొండవీటి చాంతాడు
వేస్తే మనిషికి పట్టు దొరుకుతుంది. కానీ అదే ముడి పైకి వెళ్లేటప్పుడు ప్రతి రాతి అంచుకీ, ప్రతి పగులుకీ తగులుకుంటుంది. ఉడుము సగం గోడ మీద ఆగిపోయి మన వంక చూస్తుంది. ఈ రోజుల్లో అయితే సన్న తాడు మీద ప్రూసిక్ ముడి వేసుకుని ఎక్కొచ్చు: 5 లేదా 6 మిల్లీమీటర్ల తాడు ఉచ్చుని పెద్ద తాడు చుట్టూ మూడు చుట్లు చుడితే, బరువు పడ్డప్పుడు బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. కార్ల్ ప్రూసిక్ దాన్ని ప్రచురించింది 1931లో. తానాజీ మనుషులకి అందలేదు.

బీసెంట్ రోడ్డు బిలేయర్
పట్టు సంగతి మర్చిపోతున్నారు. ఉడుం పట్టు అబద్ధం కాదు. గోళ్లతో పట్టడమే కాక, పగుల్లో దూరి ఒళ్లు ఉబ్బించుకుంటే బయటికి లాగడం కష్టం. కొండ ఎక్కేవాళ్లు పగుళ్లలో పెట్టే 'ఫ్రెండ్' అనే కామ్ పరికరం పనిచేసేదీ ఇంచుమించు ఇలాగే, కిందికి లాగితే పక్కలకి విచ్చుకుంటుంది. రే జార్డిన్ తయారుచేస్తే 1978లో బజారుకి వచ్చింది. విచ్చుకునే ఆ రెక్కలు (కామ్‌లు) గోడకి ఆనే కోణం 13.75 డిగ్రీలు. ఆ కోణం దగ్గర మీరు వేలాడదీసిన బరువుకి సుమారు రెట్టింపు ఒత్తిడి ఒక్కో గోడ మీద పడుతుంది.

ఉడుముకీ అదే కోణం అనుకుని లెక్క కట్టండి. 70 కిలోల మనిషి కదలకుండా వేలాడితే ఒక్కో పక్క 140 కిలోల పైచిలుకు. ఫ్రెండ్‌లో అది అల్యూమినియం భరిస్తుంది. ఇక్కడ భరించాల్సింది పక్కటెముకలు. పైగా కామ్‌కి ఊపిరి తీసుకోవాల్సిన పని లేదు. ఉడుము ఒక్కసారి ఊపిరి వదిలితే యాంకర్ (తాడుకి పైనున్న ఆధారం) ఊడినట్టే.

తాళ్ల కొట్టు
పట్టు ఎంత గట్టిదైనా అది పట్టిన రాయి గట్టిదై ఉండాలి కదండీ. బెజవాడ చుట్టుపక్కల కొండలు ఎక్కువగా ఖొండలైటు, చార్నొకైటు అనే రాతి రకాలు. ఖొండలైటు ఎండకీ వానకీ పొరలు పొరలుగా చివికి లేస్తుంది. ఇంద్రకీలాద్రి మీద వానాకాలం రాళ్లు దొర్లడం, ఇనప వలలు కట్టడం అందుకే. అలాంటి రాతి మీద గోరు బాగానే దిగుతుంది, పెచ్చుతో సహా ఊడొస్తుంది.

కొండ ఎక్కేవాళ్లు తాడు కోసం మేకు కొట్టినా రాయికి ఇదే పరీక్ష. గట్టి రాతి పగుల్లో మేకు దిగుతుంటే సుత్తి దెబ్బ దెబ్బకీ చప్పుడు సన్నబడి కణకణమంటూ పైకి పోతుంది. 'దబ్' మని మొద్దు చప్పుడు వస్తే వెనక రాయి బోలు, దాన్ని వదిలెయ్యాలి. సుత్తి పట్టుకున్నారు కదా అని కోట గోడల మీద ప్రయోగాలు చేయకండి, అవి రక్షిత కట్టడాలు.

కొండపల్లి బొమ్మ
మొత్తానికి ఉడుముకి ఏ ఉద్యోగమూ లేదా?

కొండవీటి చాంతాడు
పురికొస మోసే ఉద్యోగం ఉండేది, అదీ అది మాట వింటే. సన్న దారం ముందు పైకి పంపి, దానికి మధ్యరకం తాడు, దానికి అసలు తాడు కట్టి లాగడం నిజంగా ఉన్న పద్ధతే. చెట్ల కొమ్మలు కొట్టేవాళ్లు ఉడుము బదులు 300 గ్రాముల ఇసుక సంచీ వాడతారు. 2 మిల్లీమీటర్ల జారుడు దారానికి సంచీ కట్టి బలమైన కొమ్మ పంగలోంచి అవతలికి విసిరి కిందికి దింపుతారు. ఆ దారం కొసకి 6 మిల్లీమీటర్ల తాడు, దాని కొసకి ఎక్కే తాడు. రెండు తాళ్లు కలిసేచోట ముడి బొడిపెలా ఉంటే పంగలో ఇరుక్కుంటుంది. షీట్ బెండ్ అనే ముడి వేసి, కొసని తాడు వెంబడే పడుకోబెట్టి టేపు చుట్టాలి. చివరికి తాడు రెండు కొసలూ నేల మీద ఉండాలి. ఎక్కేముందు ఇద్దరు కలిసి వేలాడి చూడాలి.

గమనించారా, దారం కొమ్మకి అవతల పక్క నుంచి దిగాలి. ఉడుము వెళ్లిన దారినే వెనక్కి వస్తే తాడు చేతికి వస్తుంది గానీ పైన దేనికీ చుట్టుకోదు. పైన చెట్టు చుట్టూ ప్రదక్షిణ చేసి రమ్మని దానికి ఎవరు చెప్పాలి?

గ్రామసింహం
చట్టం కూడా చెప్పండి సార్. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు. పట్టుకున్నా, దగ్గర పెట్టుకున్నా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25,000కి తగ్గని జరిమానా. తాడు కట్టి ఫొటో పెట్టేవాళ్లు తమ కేసుకి సాక్ష్యం తామే ఇచ్చినట్టు.

ఉడుము కంటే కుక్క నయం. కోత కాని కోత ఒకటి ఉంది. డబ్ల్యూ. ఎ. బి. కూలిడ్జ్ అనే పర్వతారోహకుడికి 1868లో ఆయన గైడు క్రిస్టియన్ ఆల్మర్ ఒక ఆడకుక్కనిచ్చాడు. పేరు చింగెల్. 1875లో అది తన కాళ్ల మీదే ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కింది. రెడ్ వైనూ పల్చని టీయూ ఇష్టంగా తాగేదని చెబుతారు. 1879లో పోయింది. ఈ మధ్యది కావాలంటే 2018 నవంబరులో నేపాల్లో మేరా అని పేరు పెట్టిన ఒక ఊరకుక్క ఓ బృందం వెంటబడి 7,129 మీటర్ల బరుంట్సే శిఖరం దాకా వెళ్లింది. పర్మిట్ రుసుం కట్టకుండా ఆ ఎత్తు చేరినవాళ్లు అరుదు.

అటక మీది సామాను
ఆ లెక్కన కుక్కే బిలే (ఎక్కేవాడు పడితే ఆపేలా కింద తాడు పట్టడం) పడుతుందని ఎవరో రాశారు. "విశ్వాసం గల జంతువు, తాడు వదలదు" అట.

గ్రామసింహం
వదలదు, నిజమే. తాడుతో పాటు తనూ వస్తుంది. బిలే పట్టేవాడి కంటే ఎక్కేవాడు మూడోవంతు బరువు ఎక్కువ ఉంటేనే జాగ్రత్తపడాలి. కుక్క 20 కిలోలు, మనిషి 70. మనిషి జారగానే గ్రామసింహం కాస్తా ఆకాశసింహమై మొదటి క్లిప్పు దగ్గర కారబైనర్‌కి (తాడు తగిలించే గేటు కొక్కేనికి) కొట్టుకుంటుంది. నేలకి కట్టేస్తే ఎగరదు, కానీ బ్రేకు కొస (పాటుని ఆపడానికి పట్టే తాడు కొస) నోటితో బిగబట్టడం ఏ కుక్కకీ నేర్పలేరు.

కుక్కని కొండకి తీసుకెళ్లేవాళ్లకి పనికొచ్చేవి చెబుతా. తాడు ఎప్పుడూ మెడపట్టీకి కట్టకూడదు, జారితే ఉరే. ఛాతీ కిందా పొట్ట కిందా రెండు వెడల్పాటి పట్టీలుండి, వీపు మీద కొక్కెం ఉన్న జీను కావాలి. దింపేటప్పుడు వెనక కాళ్లు వేలాడకుండా పొట్ట కింద పట్టీ బరువు తీసుకోవాలి. మన ఎండల్లో ఇంకో పరీక్ష: అరచేతి వెనక భాగం రాతి మీద 7 సెకన్లు ఆనించండి. ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. మే నెలలో ఎండ ముదిరితే కొండపల్లి రాతి మీద ఈ పరీక్ష గట్టెక్కడం కష్టం.

మోట గిలక
ఇక ఒంగోలు గిత్తలు. కోత ఇది: కొండవీడు గోడ మీద నుంచి చాంతాడు వేసి, పైన జత గిత్తలకి కట్టి తోలితే సైనికులు ఒకరి తర్వాత ఒకరు పైకి వచ్చేవాళ్లట. మిగతా కోతలన్నిటి కంటే దీనికే బలం ఎక్కువ, ఎందుకంటే మోటబావుల్లో జరిగింది ఇదే. తోలు బానలో వంద లీటర్ల పైగా నీళ్లు, పైన గిలక, మోకు, ఎడ్లు వాలులో దిగుతూ లాగేవి. వాలు కాబట్టి వాటి సొంత బరువు కూడా సాయం చేసేది.

చదునులో ఎద్దు నిలకడగా లాగగలిగేది తన బరువులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. జత వెయ్యి కిలోలనుకుంటే సుమారు 100 కిలోలు. గిలక ఉంటే 70 కిలోల మనిషి లేస్తాడు. గిలక లేకుండా తాడు నేరుగా గోడ అంచు మీద మలుపు తిరిగితే రాపిడి వల్ల లాగాల్సిన బలం రెట్టింపు, అంటే 140 కిలోలు. అప్పుడు ఎడ్లు మొరాయిస్తాయి, తాడు అంచు దగ్గర కోసుకుంటుంది.

లేచాడనే అనుకుందాం. ఎడ్లు మామూలు నడకలో సెకనుకి ముప్పాతిక మీటరు నడుస్తాయి. మోటలో బాన పైకి రాగానే దాని కింది తొండానికి కట్టిన తాడు వల్ల నీళ్లు వాటంతటవే తొట్టిలో పడతాయి, ఎడ్లు ఒక అడుగు ఎక్కువ వేసినా బానకి నొప్పి లేదు. మనిషికి తొండం లేదు. కింద నుంచి "ఆపరా" అని అరిస్తే పైనున్నవాడికి వినపడి, వాడు "హో" అని, గిత్తలకి అది మనసుకెక్కేలోపు మనిషి గిలకలో ఉంటాడు. మధ్యలో కాలు పగుల్లో ఇరుక్కున్నా ఎడ్లకి తెలియదు, లాగుతూనే ఉంటాయి. ఇప్పుడు కూడా మనుషుల్ని పైకి లాగేటప్పుడు జీపుకో ట్రాక్టరుకో తాడు కట్టొద్దనేది ఇందుకే. నాలుగు చేతులు గిలకల వరసతో లాగితే ఎక్కడ బిగిసిందో చేతికి తెలుస్తుంది.

కొండవీటి చాంతాడు
గిలక దేనికి కట్టారు అన్నది మీరూ చెప్పలేదు.

మోట గిలక
కోతలో గిలకే లేదండీ, ఎక్కడ కట్టమంటారు?

పాండ్రోల్ క్లిప్పు
రైలు నట్టు కథకి వద్దాం, ఇది పూర్తిగా కోత కాదు. వేల్స్‌లో స్నోడన్ కొండ మీద రైలు మార్గం ఉంది. అక్కడి క్లైంబర్లు దారిలో దొరికిన నట్లని జేబులో వేసుకుని, వాటి బెజ్జంలోంచి తాడు దూర్చి పగుళ్లలో ఇరికించేవాళ్లు. లోపలి మర తాడుని కోస్తుంది కాబట్టి ఆకురాయితో రాసి నున్నగా చేసేవాళ్లు. 1961లో జాన్ బ్రెయిల్స్‌ఫర్డ్ 'ఏకార్న్' అని క్లైంబింగ్ కోసమే నట్లు చేశాడు. 1972లో యివాన్ షునార్డ్ క్లైంబింగ్ సామాను కంపెనీ కేటలాగు మేకులు మానేసి నట్లు వాడమని గట్టిగా చెప్పింది, మేకులు కొట్టి కొట్టి పగుళ్లు పాడవుతున్నాయని.

దీని బెజవాడ అవతారం: "జంక్షన్ పక్కన పట్టాలకి ఉండే క్లిప్పే పాతకాలపు కారబైనర్." కాదు బాబూ. అది పట్టాని స్లీపరుకి అదిమిపెట్టే స్ప్రింగు ఉక్కు ముక్క. దానికి గేటు లేదు, కొస తెరుచుకునే ఉంటుంది, తాడు ఎటు నుంచైనా జారిపోతుంది. పట్టాల మీద నుంచి ఊడదీస్తే జైలే.

అసలు కారబైనర్ ఒంటి మీద మూడు అంకెలు చెక్కి ఉంటాయి. నిడివి వైపు 20 కిలోన్యూటన్లు లేదా పైన, అడ్డంగా 7, గేటు తెరిచి ఉంటే 7, ఇవి కనీసాలు. ఒక కిలోన్యూటను అంటే సుమారు 102 కిలోల బరువు. రంగురంగుల తాళాల గుత్తి కొక్కేల మీద ఈ అంకెలుండవు. వాటి మీద 'ఎక్కడానికి కాదు' అని రాసుంటే నమ్మండి, అంత నిజాయితీ ఇంకెక్కడా దొరకదు.

తాళ్ల కొట్టు
పాత తాళ్ల మీద పెద్ద కోత ఒకటి ఉంది: "మా తాతల కాలం నార తాడు, ఇప్పటి నైలాన్ దాని ముందు బలాదూర్." మనీలా నార 12 మిల్లీమీటర్లది కొత్తగా ఉన్నప్పుడు వెయ్యి కిలోల దాకా ఆగుతుంది, నిజమే. ఆగేది మెల్లగా లాగితే. నార పెద్దగా సాగదు. మనిషి పడ్డప్పుడు ఆ విసురంతా ఒక్కసారి తాడు మీదా నడుం మీదా పడుతుంది. ఆ రోజుల్లో ముందు ఎక్కేవాడు పడకూడదు అనేదే మొదటి సూత్రం, ఎందుకంటే తాడు ఆపుతుందనే నమ్మకం లేదు. 1865 జులై 14న ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ తొలిసారి ఎక్కి దిగుతుంటే తాడు తెగి నలుగురు పోయారు. తెగింది వాళ్ల దగ్గరున్న వాటిలో పాతదీ బలహీనమైనదీ. లోపల చివికిన నార పైకి కనపడదు, పురులు విప్పి చూస్తే లోపల పొడి రాలుతుంది.

1953లో ఎడెల్‌రిడ్ అనే తాళ్ల కంపెనీ వాళ్లు కెర్న్‌మాంటిల్ తాడు తెచ్చారు, లోపల బరువు మోసే నైలాన్ పోగులు, పైన అల్లిన తొడుగు. ఇప్పటి సింగిల్ (ఒక్కటిగా వాడే) తాడు పరీక్షలో 80 కిలోల బరువుని పదే పదే పడేస్తారు, కనీసం అయిదు సార్లు తట్టుకోవాలి, మొదటిసారి విసురు 12 కిలోన్యూటన్లు దాటకూడదు.

వన్‌టౌన్‌లో నైలాన్ తాడు అని అడిగితే ఇచ్చే పసుపు, నీలం తాడు చాలాసార్లు పాలీప్రొపిలీన్. తేడా తెలియాలంటే చిన్న ముక్క కోసి బకెట్ నీళ్లలో వెయ్యండి, బుడగలు పోయేలా పిండి మరీ. నైలాన్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. తేలేది లారీ మీద టార్పాలిన్ కట్టడానికి, పడవకి. రాపిడికి సుమారు 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఎండకి నూగు నూగుగా రాలుతుంది. మనిషి వేలాడటానికి కాదు.

కోటప్పకొండ కోతి
కోతి సంగతి రెండు ముక్కల్లో. తాడు పైకి తీసుకెళ్తుంది, మీకు తిరిగివ్వదు. మీ సంచీ జిప్పు మాత్రం మీకంటే వేగంగా తీస్తుంది. బల్లి మాట కూడా ఎవరో ఎత్తేలోపే చెబుతున్నా: టోకే బల్లి పాదాల్లోని సూక్ష్మమైన వెంట్రుకలు 65 లక్షలూ ఒకేసారి పూర్తిగా అంటుకుంటే 130 కిలోలు ఆపగలవని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. అన్నీ ఒకేసారి అంటుకోవు, పైగా సున్నం గోడ మీద అంటుకునేది సున్నానికి. సున్నం రాలితే బల్లీ రాలుతుంది.

అటక మీది సామాను
చివరిగా ఒక నిజం ప్రశ్న. అటక మీద పదిహేనేళ్ల నాటి కెర్న్‌మాంటిల్ తాడు ఉంటే, ఒక్కసారీ వాడకపోతే, పనికొస్తుందా?

తాళ్ల కొట్టు
రాదు. వాడకపోయినా పదేళ్లకి మించి వద్దనే తయారీదార్లు రాస్తారు. అటక మీదైతే ఇంకో రెండు అనుమానాలు. పక్కన ఇన్వర్టర్ బ్యాటరీ ఉందా? ఆమ్లం ఆవిరో చుక్కో తగిలితే నైలాన్ లోపల చచ్చిపోతుంది, పైకి మరక కూడా కనపడకపోవచ్చు. ఎలుకలు, పందికొక్కులు తిరుగుతాయా? చెమట ఉప్పుకి పట్టీలూ తాళ్లూ కొరుకుతాయి.

పదేళ్లలోపు తాడైతే మొత్తం అంగుళం అంగుళం చేతుల్లోంచి పోనిచ్చి చూడండి. చిన్న మెలిక తిప్పితే గుండ్రంగా వంగాలి. ఎక్కడైనా చదునుగా మడత పడితే లోపలి పోగులు తెగాయి. మెత్తబడ్డ చోటు, బిరుసెక్కిన చోటు, తొడుగు చిట్లి తెల్ల పోగు కనపడ్డ చోటు, ఏది దొరికినా దాని పని అయిపోయింది. మురికైతే సబ్బు లేకుండా గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడలో ఆరెయ్యాలి, ఎండలో కాదు. సంచీలో పెట్టి రేకు ట్రంకు పెట్టెలో దాచాలి.

పారేసే తాడు అలాగే చుట్టి పారెయ్యకండి. రెండు మీటర్లకి మించకుండా ముక్కలు కొయ్యండి. ఆరు మీటర్ల ముక్క దొరికితే ఎవరో ఒకరు దాంతో బావిలోకి దిగుతారు.